పార్కింగ్ కడిగే ముందు, ఆ నీళ్లు ఎటు పోతాయో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రెండు సెల్లార్లు, వాటిపైన ఎండకూ వానకూ తెరిచి ఉన్న ఒక పార్కింగ్ అంతస్తు. ఏళ్ల తరబడి ఊడ్వడమే తప్ప కడిగింది లేదు. ఇప్పుడు కడిగిద్దామని కాంట్రాక్టర్‌ని పిలిస్తే "రెండు రోజుల పని, నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి వెళ్లిపోతాయి" అన్నారు. ప్రెషర్‌తో నీళ్లు చిమ్మే మెషిన్లలో ఏది మంచిది, ఎంత ప్రెషర్ పెట్టాలి, ఏ డిటర్జెంట్ వాడాలి అని అడిగి, ఆఖర్న ఒక్క ముక్కలో "నీళ్లు అలా వదిలేస్తే ఏమైనా ఇబ్బందా" అన్నారు.

ఆఖర్న అడిగిందే అసలు ప్రశ్న. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేయిస్తున్నాను. నేల శుభ్రం చేయడం ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. కడిగిన నీళ్లను పట్టుకోవడమే పని. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను, మెషిన్ సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఆ నీళ్లలో ఏముంటుందో తెలియాలి. చూడ్డానికి మామూలు బురద నీళ్లలాగే ఉంటాయి. కానీ అందులో కారిన ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు అరిగి రాలిన రాగి పొడి, టైర్ల నుంచి వచ్చిన జింక్, సగం కాలిన ఇంధనపు మసి ఉంటాయి. టైరు రబ్బరు త్వరగా పగలకుండా అందులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో వాన పడినప్పుడల్లా వాగుల్లోని కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. రోడ్ల మీది టైర్ల పొడి నుంచి వచ్చే ఈ పదార్థమే కారణమని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. మీ సెల్లార్ మూలల్లో ఏళ్లుగా పేరుకున్న నల్లటి పొడిలో ఉన్నదీ అదే టైరు.

వాననీటి లైన్‌కీ మురుగునీటి లైన్‌కీ ఉన్న తేడా ఇక్కడే పట్టింపులోకి వస్తుంది. మురుగు లైన్ మామూలుగా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన లైన్ సాధారణంగా నేరుగా వాగులోకో చెరువులోకో తెరుచుకుంటుంది, మధ్యలో వడగట్టేది ఏదీ ఉండదు. అందుకే కడిగిన నీళ్లు వాన లైన్‌లోకి వదలడాన్ని చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే కాంట్రాక్టర్ ఒక్కడే కాదు, భవన యాజమాన్యమూ జవాబు చెప్పుకోవాలి. "నీళ్లు డ్రెయిన్‌లోకి వెళ్లిపోతాయి" అన్న మాటకు అర్థం లేదు. ఏ డ్రెయిన్, అది ఎక్కడికి పోతుంది అని అడగండి.

సాధారణంగా పైన తెరిచి ఉన్న అంతస్తులో నీళ్లు దిగే జాలీలు వాన లైన్‌కి, లోపలి సెల్లార్లలోవి ఇసుకనూ ఆయిల్‌నూ ఆపే తొట్టె మీదుగా మురుగు లైన్‌కి కలుపుతారు. సాధారణంగా అంటున్నాను, అంతే. డ్రాయింగ్‌లో ఒకలా, నేల కింద మరోలా ఉన్న భవనాలు చాలా చూశాను. కాబట్టి నమ్మకండి, పరీక్షించండి. నీళ్లలో కలిసే, హాని లేని రంగు ప్లంబింగ్ పనివాళ్ల దగ్గర దొరుకుతుంది. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి ఒక జాలీలో పోయండి. బయట ఉన్న మ్యాన్‌హోల్ మూతలు తీసి ఇద్దరు మనుషుల్ని నిలబెట్టండి, రంగు ఎక్కడ కనిపిస్తే అదే దాని దారి. ఈ పరీక్ష చేస్తామని ముందే స్థానిక అధికారులకు ఒక మాట చెప్పండి. లేకపోతే కాలువలో పచ్చటి నీళ్లు చూసి ఎవరో కంగారు పడతారు. ఒక్కో జాలీకి పది నిమిషాలు చాలు. ప్రతి జాలీ పక్కన గోడ మీద పెయింట్‌తో "వాన" అనో "మురుగు" అనో రాయించండి. ఆ రాత ఎన్నేళ్లయినా పనికొస్తుంది.

జాలీలతో పని అయిపోలేదు, సంప్ ఉంది. అంటే సెల్లార్‌లోకి చేరిన నీళ్లు పడే గుంట, అందులోంచి పంపు వాటిని బయటికి తోడుతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసు భవనంలో సెల్లార్ కడుగుతున్నాం. జాలీలన్నిటి మీదా రబ్బరు మ్యాట్లు పరిచి, చుట్టూ ఇసుక సంచులు పెట్టి, అంతా పక్కాగా ఉందనుకున్నాను. ర్యాంప్ అడుగున అడ్డంగా ఒక సన్నటి కాలువ ఉంది. దాని మీద ఇనుప చట్రం, చట్రం మీద ఎన్నో ఏళ్ల దుమ్ము గట్టిపడి నేలలో కలిసిపోయింది. నా కంటికి అది ఆనలేదు. నీళ్లు తగలగానే దుమ్ము కరిగింది, కాలువ తెరుచుకుంది, నీళ్లు సంప్‌లోకి దిగాయి. సంప్‌లో నీటి మట్టంతో పాటు లేచే ఫ్లోట్ పైకి లేచింది, పంపు దానంతటదే స్టార్ట్ అయింది. రాత్రి పదకొండు దాటాక వాచ్‌మన్ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చి "అన్నా, వెనక కాలువలో తెల్లగా నురగ పోతోంది" అన్నాడు. నేను వెళ్లేసరికి పైపు మూతి దగ్గర మోకాలెత్తు నురగ నిలబడి ఉంది, దాని కింద నీళ్ల మీద ఆయిల్ పొర రంగురంగులుగా జరుగుతోంది. ప్యానెల్ ఆఫ్ చేశాం, మట్టి సంచులతో కాలువకు అడ్డం కట్టాం, ఆగినంత నీటిని వెనక్కి తోడాం. యజమానులకూ అధికారులకూ ఆ రాత్రే చెప్పాం. అప్పటికే దాటి పోయింది పోయింది. అది నా తప్పు, ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఇప్పుడు సైట్‌లో అడుగు పెట్టగానే మొదట సంప్ పంపుల స్విచ్ ఆఫ్ చేయించి, తాళం వేసి, "తీయవద్దు" అని చీటీ కట్టిస్తాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సెల్లార్‌లోకి భూగర్భ జలం ఊరుతుంటే, లేదా వాన వచ్చేలా ఉంటే, పంపు ఆపితే సెల్లార్ మునుగుతుంది. కాబట్టి సంప్ దగ్గర ఒక మనిషినీ, నీటిని ట్యాంకులోకి తోడే విడి పంపునూ పెట్టాలి. వాన సూచన ఉన్న రోజు పని అసలే పెట్టుకోకండి.

ఇక నీళ్లు ఎన్ని వస్తాయో లెక్క చూద్దాం. కాంట్రాక్టర్లు తెచ్చే మెషిన్ నిమిషానికి దాదాపు 15 లీటర్లు వదులుతుంది. గంటకు 900 లీటర్లు. రోజులో నీళ్లు చిమ్మే గన్ నిజంగా నడిచేది 5 గంటలనుకుంటే 4,500 లీటర్లు. రెండు మెషిన్లు, రెండు రోజులు అంటే 18,000 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులు పద్దెనిమిది. "నీళ్లు పట్టుకుంటాం" అని చెప్పి ఒక్క డ్రమ్ముతో వచ్చిన కాంట్రాక్టర్‌కి ఈ లెక్క చూపించండి, ఆయన అసలు ఉద్దేశం ఏమిటో తెలిసిపోతుంది.

ఈ నీటిని తగ్గించే మార్గం మెషిన్‌లో లేదు, చీపురులో ఉంది. ఈ మాట చెబితే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. స్తంభం మొదట్లో, టైరు ఆగే దిమ్మ వెనక ఒకసారి వేలు పెట్టి చూడండి. గోధుమపిండి అంత మెత్తగా, నల్లగా, వేలికి అంటుకుని కడిగినా తేలిగ్గా పోని పొడి ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు అది ఒక పారతో సంచిలోకి పోతుంది. నీళ్లు తగిలాక అదే పది బకెట్ల బురద, పైపుల్లో మడ్డి, ఫిల్టర్లు మూసుకుపోవడం. కాబట్టి మొదటి రోజంతా నీటిచుక్క ముట్టకండి. గట్టి చీపుర్లతో మూలలు లాగించి, ఊడ్చే మెషిన్‌తోనో పెద్ద వాక్యూమ్‌తోనో నేలంతా తీయించండి. దుమ్ము ముక్కులోకి పోకుండా పనివాళ్లకు మంచి మాస్కులు ఇవ్వాలి, గుడ్డ ముక్క కట్టుకుంటే చాలదు.

ఆయిల్ మరకలకూ ఇంతే. తడిగా ఉన్న ఆయిల్ మీద బంకమట్టి గుళికలో రంపపు పొట్టో చల్లి, గట్టి బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, కొన్ని గంటలు వదిలేసి ఎత్తేయాలి. ఒక్కోసారి రెండు మూడు సార్లు చేయాలి. ఎత్తిన దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. నా అంచనా ప్రకారం ఈ పొడి పని సరిగ్గా చేస్తే తర్వాత వాడే నీళ్లు, డిటర్జెంట్ సగానికి తగ్గుతాయి.

డిటర్జెంట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న ఇంజనీర్లు కూడా ఇక్కడ పొరపాటు పడతారు. "మా సెల్లార్‌కి ఆయిల్ సెపరేటర్ ఉంది, నీళ్లు అందులోంచే పోతాయి, ఇంక భయమేముంది" అంటారు. ఆ సెపరేటర్ చేసే పని ఒక్కటే, నీళ్లను నెమ్మదిగా నిలబెట్టడం. ఆయిల్ తేలిక కాబట్టి పైకి తేలుతుంది, కింద నుంచి నీళ్లు బయటికి పోతాయి. అయితే ఆయిల్ బొట్టు ఎంత వేగంగా తేలుతుందనేది దాని సైజు మీద ఆధారపడుతుంది, అదీ సైజును సైజుతోనే గుణించిన లెక్కన. బొట్టు పదో వంతుకు చిన్నదైతే వేగం వందో వంతుకు పడిపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 150 మైక్రాన్ల బొట్టు ఒక మీటరు పైకి రావడానికి దాదాపు 14 నిమిషాలు పడితే, 15 మైక్రాన్ల బొట్టుకు 23 గంటలు పడుతుంది. నీళ్లు సెపరేటర్‌లో అంతసేపు నిలబడవు.

మరి బొట్లను అంత చిన్నగా చిదిపేది ఏమిటి? ప్రెషర్ ఒకటి, వేడి ఒకటి, అన్నిటికంటే ముఖ్యంగా డిటర్జెంట్. మజ్జిగ చిలికినట్టు ఆయిల్‌ను నీళ్లలో కలిపేసి, మళ్లీ కలుసుకోకుండా ప్రతి బొట్టు చుట్టూ పొర కట్టేస్తుంది. మరక పోగొట్టే గుణమే సెపరేటర్‌ను పనికిరాకుండా చేస్తుంది. పైగా సెపరేటర్‌లో ఇదివరకే పట్టుబడి ఉన్న పాత ఆయిల్‌ను కూడా కలిపి బయటికి తోసేస్తుంది. అందుకని నా పద్ధతి ఇది. నేలంతటికీ డిటర్జెంట్ వాడను. మరక ఉన్న చోట మాత్రమే, చేత్తో బ్రష్ పెట్టి, తక్కువ మోతాదులో. అదీ నిలబెడితే ఆయిల్‌ను త్వరగా వదిలేసే రకం. కొనేటప్పుడు ఈ గుణం ఉందా అని అడగండి, డబ్బా మీద "పర్యావరణానికి హాని చేయదు" అని రాసి ఉంటే సరిపోదు. ప్రకృతిలో తనంతట తాను విరిగిపోయే డిటర్జెంట్ అయినా, అది మోసుకెళ్లే ఆయిల్ మాత్రం అలాగే ఉంటుంది. పని మొదలుకాకముందే సెపరేటర్‌ను ఖాళీ చేయించి శుభ్రం చేయించండి.

మరకలు పోవడానికి బాత్‌రూమ్ యాసిడ్ పోద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది సిమెంటును తినేస్తుంది, వెనక క్లోరైడ్ మిగులుస్తుంది, ఆ క్లోరైడ్ శ్లాబ్ లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

ఇప్పుడు మెషిన్. మామూలు కాంక్రీటు నేలకు 150 నుంచి 200 బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క), నిమిషానికి 15 లీటర్లు చాలు. ప్రెషర్ పెంచడం కంటే నీళ్లు వేడి చేయడం మేలు. 80 డిగ్రీల నీళ్లు జిడ్డును డిటర్జెంట్ లేకుండానే వదిలిస్తాయి. వేడి వల్ల బొట్లు కొంత చిన్నవవుతాయి, నిజమే. కానీ డిటర్జెంట్‌లా వాటి చుట్టూ పొర కట్టదు. నీళ్లు చల్లారి నిలబడితే ఆ ఆయిల్‌లో చాలా భాగం మళ్లీ పైకి చేరుతుంది. ఎర్ర రంగు నాజిల్ సున్నా డిగ్రీలది, దాన్ని పెట్టెలోంచే తీయనివ్వకండి. కాంక్రీటు మీద గీతలు పడి, ఆ గీతల్లోనే మళ్లీ ఆయిల్ దిగుతుంది. చర్మం మీద పడితే నీళ్లు లోపలికి దూసుకుపోతాయి. బయటికి చిన్న చిల్లులాగే కనిపిస్తుంది కాబట్టి ఇంటికి వెళ్లిపోతారు, లోపల మాత్రం కండ కుళ్లుతుంది. అలాంటి దెబ్బ తగిలితే ఎంత చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతి గన్‌కు ఆకుపచ్చ నాజిల్, అంటే 25 డిగ్రీలది, మూలలకూ అంచులకూ చాలు. నేలకు మాత్రం గుండ్రటి మూత కింద రెండు నాజిళ్లు తిరిగే సర్ఫేస్ క్లీనర్ తెప్పించండి. నీళ్లు చిమ్మవు, చారలు పడవు. దానికే వాక్యూమ్ పైపు ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది, నేల మీద నీళ్లు నిలవకముందే లాగేసుకుంటుంది.

పై అంతస్తు మీద నీళ్లు దిగకుండా పూత వేసి ఉంటే సంగతి వేరు. ఆ పూత ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో తయారీదారు కాగితంలో ఉంటుంది, దాన్ని దాటకండి. పూత ఒక్కచోట లేచినా నీళ్లు కింద దూరి శ్లాబ్‌ను పాడు చేస్తాయి. రెండు శ్లాబ్‌ల మధ్య ఉండే జాయింట్లలో రబ్బరు ఎండిపోయి ఉంటే అక్కడి నుంచి కూడా కింది అంతస్తులోని కార్ల మీద సున్నపు నీళ్లు కారతాయి. ఆ మరక కారు పెయింట్ మీద పడితే తేలిగ్గా పోదు. కింది అంతస్తు ఖాళీ చేయించకుండా పైన కడగొద్దు.

నీరు పల్లమెరుగు అంటారు కదా, మన పని అంతా ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది. పై అంతస్తు నుంచి కిందికి రావాలి. ఒక్కో అంతస్తులో ఎత్తు వైపు నుంచి పల్లం వైపు కడగాలి. పల్లం ఎక్కడో ముందు రోజే ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకోండి. అక్కడి జాలీని మ్యాట్‌తో మూసి, చుట్టూ నీళ్లు దాటని గట్టు పెట్టి, ఆ మడుగులోంచి పంపుతో ట్యాంకులోకి తోడాలి. పక్కపక్కనే మూడు ట్యాంకులు ఉంటే పని సాగుతుంది. ఒకటి నిండుతుంటే ఇంకొకదానిలో మడ్డి అడుగుకు దిగి నీళ్లు తేరుతాయి, మూడోది ఖాళీ అవుతుంది. తేరిన నీళ్లను మడ్డి కదలకుండా మధ్యలోంచి తీసి, బ్యాగ్ ఫిల్టర్ గుండా, ఆయిల్‌ను మాత్రమే పీల్చి నీళ్లను పీల్చని మెత్తల గుండా పంపించి, అప్పుడు మురుగు లైన్‌లోకి వదలాలి. అదీ మురుగు శాఖ రాతపూర్వక అనుమతి ఇస్తేనే. అనుమతిలో ఆయిల్ ఎంత, మడ్డి ఎంత, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) ఎంత ఉండొచ్చో రాసి ఉంటుంది. క్షారపు డిటర్జెంట్ వాడితే పీహెచ్ 11, 12 దాకా పోతుంది, పరీక్ష కాగితంతో ప్రతి ట్యాంకూ చూడాలి. అనుమతి రాకపోతే లైసెన్స్ ఉన్న ట్యాంకర్ వాళ్లకు ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

నేను ఇప్పటికీ చేసే ఒక చిన్న పని ఉంది. ప్రతి ట్యాంకు నుంచి ఒక గాజు సీసా నింపి, మూత పెట్టి, రాత్రంతా కదలకుండా ఉంచుతాను. పొద్దున చూస్తే అడుగున వేలెడు నల్లటి మడ్డి, పైన సన్నటి ఆయిల్ పొర, మధ్యలో నీళ్లు. మధ్యలో నీళ్లు తేటగా ఉంటే ట్యాంకు తేరుతోందని అర్థం. పాలలాగా తెల్లగా ఉండిపోతే డిటర్జెంట్ ఆయిల్‌ను పట్టేసిందని అర్థం, ఆ ట్యాంకును ఫిల్టర్ చేసి వదలకూడదు. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు. రాగి, జింక్ కంటికి కనిపించవు కాబట్టి మొదటి ట్యాంకు శాంపిల్‌నైనా ల్యాబ్‌కి పంపండి. అడుగున మిగిలిన మడ్డిని చెత్తకుండీలో వేయకండి, దాన్నీ పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి పంపాల్సిన చోటికి పంపాలి.

ఇంకొక్క విషయం. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకండి. పెట్రోల్ ఇంజన్ మెషిన్‌ను సెల్లార్‌లోకి దింపనివ్వకండి. తలుపులు తెరిచి ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి అన్నా సరే. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. పనివాళ్ల భద్రత మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1996లో ఇచ్చిన హెచ్చరికలో సరిగ్గా ఇలాంటి ఘటనే ఉంది. గాలి సరిగ్గా ఆడని భూగర్భ పార్కింగ్‌లో 8 హార్స్‌పవర్ పెట్రోల్ ప్రెషర్ వాషర్లు రెండు వాడిన ఐదుగురు పనివాళ్లకు ఆ విషవాయువు పీల్చినందుకు చికిత్స చేయాల్సి వచ్చింది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం మొదటి లక్షణాలు, పనివాళ్లు వాటిని అలసట అనుకుంటారు. కరెంట్ మెషిన్ వాడండి, లేదా ఇంజన్ బయట ఉంచి పొడవైన హోస్ లోపలికి లాగండి. నీళ్లు వేడి చేసే బర్నర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. అయినా ఒక కార్బన్ మోనాక్సైడ్ మీటర్ పనివాడి నడుముకు ఉండాలి. కరెంట్ మెషిన్ అయితే కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్ లీకేజీ బ్రేకర్ తప్పనిసరి, కేబుల్ జాయింట్లు నీళ్లలో పడకూడదు. కార్ చార్జర్లు, ప్యానెళ్లు, ఫైర్ సెన్సర్లు ముందే కప్పాలి. ఫైర్ సిస్టం చూసేవాళ్లకు చెప్పకపోతే ఆవిరికి అలారం మోగి భవనం అంతా బయటికి పరుగెడుతుంది.

కాంట్రాక్టర్‌తో రెండు రోజుల ఒప్పందం ఇప్పుడే రాసుకోకండి. కింది సెల్లార్‌లో మురుగు లైన్ జాలీ ఉన్న వైపు, పది కార్ల స్థలం తాడు కట్టి వేరు చేయండి. పొడిగా ఊడ్పించి, కడిగించి, ప్రతి లీటరూ ట్యాంకులోకి పట్టించండి. ఎన్ని లీటర్లు వచ్చాయి, ఎన్ని కిలోల పొడి వచ్చింది, సీసాలో మర్నాడు ఏం కనిపించింది, ల్యాబ్ ఏం చెప్పింది, రాసి పెట్టుకోండి. ఆ కాగితంతో మురుగు శాఖ దగ్గరికి వెళ్లి అనుమతి అడగండి. దాన్నే కాంట్రాక్టర్ ముందు పెట్టి మిగతా పనికి ట్యాంకులు ఎన్ని, మనుషులు ఎందరు, రోజులు ఎన్ని అని మాట్లాడండి. మీ భవనం అంత ఉన్న పార్కింగ్‌కి నాకు ఎప్పుడూ రెండు రోజులు సరిపోలేదు, ఐదారు పట్టాయి.